కవర్ తీసే పని: ఎముకల థియేటర్లో నా అనుభవం

ఆ రోజు కింద పడింది అరచేతిలో పట్టేంత ప్లాస్టిక్ ముక్క. మోకాలి మార్పిడిలో తొడ ఎముకకి తొడిగే లోహానికీ, కాలి ఎముక మీద కూర్చోబెట్టే లోహానికీ మధ్య పెట్టే ఇన్సర్ట్ అది. కవర్ తీసింది నేనే.

తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఎముకల ఆపరేషన్ థియేటర్లో పద్నాలుగేళ్లుగా నర్సుగా చేస్తున్నాను. మా ఊరు పాకాల పక్కన. ఆ సంగతి జరిగేటప్పటికి నాకు ఐదేళ్ల సర్వీసు. కొత్తదాన్ని అని తప్పించుకునే వీలు కూడా లేదు.

థియేటర్లో నర్సులం ఇద్దరం ఉంటాం. చేతులు కడుక్కుని, స్టెరైల్ (క్రిమి లేని) గౌను వేసుకుని, సార్ పక్కన నిలబడి పరికరాలు అందించేది స్క్రబ్ సిస్టర్. బయట తిరుగుతూ కావలసినవి తెచ్చి, కవర్లు తీసి ఇచ్చేది ఫ్లోర్ సిస్టర్. ఆ రోజు ఫ్లోరు నేను. స్క్రబ్ సిస్టర్ బయటి కవర్ తాకకూడదు, నేను లోపలి వస్తువు తాకకూడదు. పెళ్లిపీటల మీద జీలకర్ర బెల్లం దాకా అడ్డుతెర పట్టుకున్నట్టే, మా ఇద్దరి మధ్య ఆ కవర్ ఉంటుంది. తెర తీసే ఆ పది సెకన్లే నా ఉద్యోగంలో అసలు టెన్షన్.

ఆ రోజు లోహాల్ని ఎముకకి అతికించే సిమెంటు గట్టిపడేదాకా సార్ ట్రయల్ ఇన్సర్ట్ (కొలత చూసే నమూనా ముక్క) పెట్టి కాలు చాపి ఉంచారు. తర్వాత మడిచి, చాపి చూసి, "పది సరిపోతుంది, ఒరిజినల్ తియ్యండి" అన్నారు. పది అంటే మిల్లీమీటర్ల మందం. డబ్బా తీసుకుని ఎడమ, సైజు, మందం, గడువు పైకి చదివాను. సార్ తలూపారు. ఇంప్లాంట్లు (ఒంట్లో అమర్చే భాగాలు) తెచ్చే కంపెనీ అబ్బాయి కూడా వెనకనుంచి చూసి సరే అన్నాడు. అట్టపెట్టె విప్పాను. లోపల పెద్ద ప్లాస్టిక్ ట్రే, దానికి తెల్లటి మూత అతికించి ఉంది. ఆ ట్రేలో చిన్న ట్రే, దానికీ ఇంకో మూత. పెద్ద మూత నేను తీస్తే, లోపలున్న చిన్న ట్రేని స్క్రబ్ సిస్టర్ అందుకోవాలి.

మూతకి పట్టు దొరికేది ఒక్క మూలలోనే. అది నా బొటనవేలి గోరంత ఉంది. చేతులకి గ్లోవ్స్, వాటి లోపల చెమట. మొదటిసారి జారింది. రెండోసారీ జారింది. మూడోసారి గట్టిగా లాగాను. అప్పటిదాకా పట్టు విడవని జిగురు ఒక్కసారిగా వదిలేసింది. చిన్న ట్రే ఎగిరి, చాపి ఉన్న స్క్రబ్ సిస్టర్ చేతుల పక్కనుంచి పోయి, సార్ కాళ్ల దగ్గర టప్పుమని పడింది.

ఎవరూ ఏమీ అనలేదు. అది తిట్టుకన్నా ఘోరం.

చిన్న ట్రే మూత ఊడలేదు కదా, లోపలి ముక్క శుభ్రంగానే ఉంది కదా అని మీరు అడగొచ్చు. ఉంది. కానీ ఆ ట్రేని స్టెరైల్ చేతులతో పట్టుకోవాలి. ట్రే బయటి వైపు నేలకి తగిలాక ఇక ఆ చేతులు దాన్ని ముట్టుకోకూడదు. పోనీ ఆవిరితో క్రిముల్ని చంపే ఆటోక్లేవ్‌లో పెడదామా అంటే, అది పాలిథిలీన్. 121 డిగ్రీల ఆవిరిలో దాని ఆకారం చెడుతుంది. మళ్లీ స్టెరిలైజ్ చేయొద్దని డబ్బా మీదే గుర్తు ఉంటుంది.

"ఇంకోటి ఉందా?" అని సార్ నన్ను అడగలేదు, కంపెనీ అబ్బాయిని అడిగారు. ఆ సైజులో ఎనిమిదీ పన్నెండూ ఉన్నాయి, పది లేదు. స్టాకు బస్టాండు వెనక గోడౌన్లో ఉంది. ఆ అబ్బాయి గౌను విప్పి బండెక్కి పోయినాడు. సార్ టూర్నికే (రక్తం ఆపడానికి తొడకి బిగించే పట్టీ) వదిలేయమన్నారు, రక్తం ఆపుకుంటూ కూర్చున్నారు. ట్రయల్ ముక్క అలాగే ఉంది, పైన బీటాడిన్‌లో తడిపిన మాప్ గుడ్డ కప్పాం. వెన్నుకి మత్తు ఇచ్చారు కాబట్టి పేషెంటు మెలకువగానే ఉంది. చంద్రగిరి వైపు పెద్దావిడ. "అయిపోయిందా మ్మా?" అని తెర అవతల నుంచి నన్నే అడిగింది. "ఇంకొంచెం సేపు అవ్వా" అన్నాను. లీలామహల్ సర్కిల్లో ట్రాఫిక్ ఆగిపోయి ఉంటుందేమోనని గోడ గడియారం చూస్తూ నిలబడ్డాను. ఇరవై రెండు నిమిషాలు పట్టింది. అవ్వ బాగానే ఇంటికి పోయింది, అది వేరే సంగతి.

సాయంత్రం రాసిన రిపోర్టులో ఒకే వాక్యం: "సిస్టర్ చేయి జారి ఇంప్లాంట్ కింద పడినది." ఆ ఫారంలో జిగురు గురించి రాయడానికి గడి లేదు. మూల గోరంత ఉందని రాయడానికీ లేదు. తప్పు చేసింది నా చేయి. అంతటితో ఫైలు మూసేశారు.

మరుసటి రోజు మా థియేటర్ ఇన్‌ఛార్జి అక్క ఒక పాత లడ్డూ కవర్ తెచ్చి నా ఒళ్లో పెట్టింది. దాన్నిండా గడువు తీరిన ప్యాకెట్లు. కుట్లదారాలు, క్యాథటర్లు, డ్రెయిన్లు, రెండు ఖాళీ ట్రేలు. "కోప్పడను గానీ కూర్చో. కవర్ చింపేది కాదు మే, విప్పేది" అంది. పదిహేనేళ్లుగా ఆమె పోగేస్తున్న సంచి అట అది. నర్సింగ్ చదివిన మూడేళ్లలో మాకెవరూ ఇది నేర్పలేదు. అప్పట్లో నేర్పినదల్లా డ్రమ్ములు సర్దడం, గుడ్డ మడతలు పెట్టడం, చీటిల్ ఫోర్సెప్స్ అనే పొడవాటి పట్టకారుతో తీయడం. ఇప్పుడు వస్తువుల్లో సగం పైన కంపెనీ నుంచే స్టెరైల్‌గా వస్తాయి. వాటిని తీయడం మాత్రం ఎవరికి వాళ్లు చూసి నేర్చుకోవాల్సిందే.

అక్క చూపించింది ఇది. పౌచ్ (ఒక వైపు కాగితం, ఒక వైపు ప్లాస్టిక్ ఉండే కవర్) ఒక చివర బాణం ములుకులా అతుకు ఉంటుంది, అక్కడినుంచే మొదలుపెట్టాలి. రెండు పొరల్నీ రెండు చేతుల్లో పట్టుకుని, బొటనవేళ్ల వెనక వైపులు ఒకదానికొకటి ఆనించి, వేళ్లని బయటికి దొర్లించాలి. లాగకూడదు. తమలపాకు ఈనె తీసేటప్పుడు ఆకు చిరగకుండా ఎంత నిదానంగా తీస్తామో అంత నిదానంగా, కానీ మధ్యలో ఆగకుండా. ఆగితే అక్కడ కాగితం పీచు లేస్తుంది. ఆ పీచు గాలిలో తేలి గాయంలో పడుతుంది. మోచేతులు ఒంటికి ఆనించుకోవాలి, స్టెరైల్ ట్రాలీ మీదికి వంగకూడదు. విప్పిన అంచుల్ని వెనక్కి మడిచి నా చేతుల మీదికి తెచ్చుకోవాలి. అప్పుడు స్క్రబ్ సిస్టర్ వస్తువుని నిటారుగా పైకి లాగేస్తుంది, అంచుకి తగలనివ్వదు. అతుకు లోపలి అంచు కూడా స్టెరైల్ కిందికి రాదు.

తేలిక ప్యాకెట్లని దూరంనుంచి ట్రాలీ మీదికి విసిరే అలవాటు మాలో చాలామందికి ఉంది. నాకూ ఉండేది. చూడ్డానికి హుషారుగా ఉంటుంది. ఇంప్లాంట్ కానీ, పదునైనది కానీ, బరువైనది కానీ ఎప్పుడూ విసరకూడదు. ట్రాలీ మీది గుడ్డకి కన్నం పడితే మొత్తం ట్రాలీయే మార్చాలి. ఆ వారం రాత్రుళ్లు మా ఆయన టీవీ చూస్తుంటే నేను పక్కన కూర్చుని గడువు తీరిన క్యాథటర్ కవర్లు విప్పుతూ ఉన్నాను. "ఏందీ పని, ఉల్లిపాయలన్నా ఒలవకూడదా" అన్నాడు.

ఆ తెల్లటి మూతని నేను చాన్నాళ్లు కాగితమే అనుకున్నాను. కాదు. టైవెక్ అంటారు, సన్నటి ప్లాస్టిక్ పీచుని వేడితో అదిమి చేసినది. 1955లో డ్యూపాంట్ కంపెనీ ల్యాబులో బయటపడింది, 1967 నుంచి అమ్మకానికి వచ్చింది. దాని గొప్పేమిటంటే గాలి పోతుంది, క్రిమి మాత్రం పోదు. ఈటీఓ (ఇథిలీన్ ఆక్సైడ్) గ్యాసు ఆ మూతలోంచే లోపలికి వెళ్లి వస్తువుని శుభ్రం చేసి మళ్లీ బయటికి రావాలి. మొత్తం ప్లాస్టిక్కే అయితే గ్యాసు పోదు. గామా కిరణాలతో చేసినవాటికి ఆ అవసరం లేదు. అందుకే కొన్ని ఇన్సర్ట్‌లు గాలి చొరబడని వెండిరంగు రేకులో వస్తాయి. ఇన్సర్ట్ ప్లాస్టిక్‌కి కిరణాలు తగిలాక ఆక్సిజన్ తగిలితే ఏళ్లు గడిచేకొద్దీ పెళుసుబారుతుంది. డబ్బా మీద 'స్టెరైల్' పక్క గడిలో 'ఈఓ' అని ఉంటే గ్యాసు, 'ఆర్' అని ఉంటే కిరణాలు. ఇది తెలిశాక నాకు మూత మీద కోపం కొంచెం తగ్గింది. జిగురు మరీ వదులైతే లారీలో వచ్చేటప్పుడే ఊడుతుంది, మరీ గట్టిదైతే నా చేతిలో ఎగురుతుంది. తయారుచేసేవాళ్ల కష్టం వాళ్లది.

మా తప్పులూ ఉన్నాయి, దాచడం ఎందుకు. పౌచ్‌లు పదింటిని కలిపి రబ్బరు బ్యాండు వేసేస్తాం. మడత పడినచోట కంటికి కనపడని కన్నం పడుతుంది. కాగితం వైపు బాల్‌పెన్నుతో తేదీ రాస్తాం. ముల్లు గుచ్చుకుంటుంది, సిరా లోపలికి ఇంకుతుంది. రాస్తే ప్లాస్టిక్ వైపు, అదీ అతుకు బయట రాయాలి. సొరుగు మూయడానికి రాకపోతే కుక్కి కుక్కి మూస్తాం.

2021 నవంబరు వానలు తిరుపతి వాళ్లెవరూ మరచిపోరు. మా స్టోరు సెల్లారులో ఉండేది. తెల్లారి నేను పోయేసరికి మోకాలి కింది దాకా నీళ్లు. పై అరలు సరే. కింది అరలో ఉన్న డబ్బాలు తడిసి ఉబ్బిపోయాయి, పట్టుకుంటే అట్ట మెత్తటి ఇడ్లీలా చేతికొచ్చేస్తోంది. స్టోరు చూసే ఆయన వాటిని విప్పి లోపలి పౌచ్‌లు తుడిచి, పైన ఫ్యాన్ కింద వరసగా ఆరబెట్టించాడు. "లోపల ఏం కాలేదు సిస్టర్, సీలు సీలుగానే ఉంది" అన్నాడు. నిజంగానే చూస్తే సీలు బాగుంది. కానీ తడిసిన కవర్‌ని నమ్మకూడదు. నీళ్లతో పాటు క్రిమి కూడా కాగితంలోంచి, అతుకులోంచి లోపలికి దిగుతుంది. ఆరిపోయాక తడిసినట్టు ఆనవాలు కూడా మిగలదు. అదే భయం. మా సొంత ఆటోక్లేవ్‌లోంచి వచ్చిన మూట మీద చెమ్మ కనపడినా వెట్ ప్యాక్ అని పక్కన పెట్టేస్తాం కదా, దీనికో న్యాయం దానికో న్యాయమా అన్నాను. "లక్షల సరుకు, నువ్వు కడతావా?" అన్నాడు. వాదన పెద్ద సార్ దాకా పోయింది. ఆయన ఒక్క పౌచ్ తీసుకుని అటూ ఇటూ తిప్పి, "దీన్ని మీ నాన్నకి వాడతావా?" అని స్టోరు ఆయన్ని అడిగారు. సరుకంతా పక్కన పెట్టేశారు. స్టోరు రెండో అంతస్తుకి మారింది. ఆ స్టోరు ఆయన ఆర్నెల్లు నాతో మాట్లాడలేదు.

ఇక చదవడం. డబ్బా మీద ఎన్ని గుర్తులో. ఇసుక గడియారం బొమ్మ ఉంటే గడువు. రెండు అంకె మీద కొట్టివేత ఉంటే ఒక్కసారే వాడాలి. పగిలిన డబ్బా బొమ్మ ఉంటే, కవర్ చెడితే వాడొద్దని. ఫ్యాక్టరీ బొమ్మ ఉంటే తయారీదారు. ఇవి వారంలో వచ్చేస్తాయి. ఇబ్బంది పెట్టేది అక్షరం సైజు. ఎడమకీ కుడికీ తేడా ఒక్క అక్షరం, అది సైజు అంకెలంత పెద్దగా ఉండాలి కదా? కొన్ని డబ్బాల మీద కంపెనీ పేరు అరచేయంత, ఎడమో కుడో మాత్రం మినప్పప్పంత. దిగుమతి సరుకైతే ఇంకో చిత్రం. ఇక్కడి దిగుమతిదారు లైసెన్సు నంబరు, ధర ఉన్న స్టిక్కర్ అతికిస్తాడు. అతికించే మనిషికి ఎక్కడ ఖాళీ కనపడితే అక్కడ. ఒకసారి సరిగ్గా గడువు తేదీ మీద అతికించారు. గోరుతో గీకి చదివాను. లోపల కాగితం మాత్రం ఇరవై భాషల్లో మడతలు మడతలుగా ఉంటుంది. ఫిన్లాండు భాష కూడా ఉంటుంది. తెలుగు నేనైతే ఇంతవరకు చూడలేదు.

స్టిక్కర్ల కథ ఒకటి చెప్పి తీరాలి. ప్రతి ఇంప్లాంట్ డబ్బాలో బ్యాచ్ నంబరున్న చిన్న స్టిక్కర్లు నాలుగైదు ఉంటాయి. కేస్ షీటుకి ఒకటి, ఓటీ (థియేటర్) రిజిస్టర్‌కి ఒకటి, బిల్లుకి ఒకటి, పేషెంటు కార్డుకి ఒకటి. 2017 ఆగస్టులో మోకాలి ఇంప్లాంట్లకి కేంద్రం గరిష్ఠ ధర పెట్టాక బిల్లు వాళ్లు వీటికోసం మరీ వెంటపడుతున్నారు. ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) కేసైతే స్టిక్కర్ లేకపోతే క్లెయిమ్ దగ్గర గొడవే. ఒక రాత్రి ఆ స్టిక్కర్ల షీటు అట్టపెట్టె అడుగున అంటుకుని, పెట్టెతో పాటే చెత్తలోకి పోయింది. ఒంటిగంటకి నేనూ ఆయమ్మా కలిసి మూడు నల్ల సంచులు నేల మీద కుమ్మరించాం. ఒక్క మోకాలికి ఎన్ని డబ్బాలు, ఎన్ని ట్రేలు, ఎంత థర్మాకోలు, ఎన్ని కాగితాలో అప్పుడు తెలిసింది. పేషెంటు శరీరంలోకి పోయింది రెండు గుప్పిళ్ల సరుకు. మిగిలింది మనిషంత గుట్ట. స్టిక్కర్ చివరి సంచిలో దొరికింది, చాయ్ కప్పు కింద.

నాలుగేళ్ల కిందట ఒక అమ్మాయి వచ్చింది. ప్యాకింగ్ తయారుచేసే కంపెనీలో ఇంజనీరు, ఉద్యోగం చెన్నైలో, సొంతూరు ఎముకల కట్టుకి పేరున్న పుత్తూరు. "మీ ఊళ్లో అందరూ కట్టు కడతారు, నువ్వు విప్పే సంగతి అడగడానికి వచ్చినావే" అంటే బాగా నవ్వింది. ప్యాకింగ్ గురించి ఐఎస్ఓ 11607 అని ఒక ప్రమాణం ఉందట. 2019లో దాన్ని సవరించినప్పుడు, కవర్ గట్టిగా ఉందా అన్నదొక్కటే చాలదు, థియేటర్లో మనిషి దాన్ని మలినం కాకుండా తీయగలడా అన్నదీ పరీక్షించాలని పెట్టారట. అందుకని ఆరు రకాల నమూనాలు తెచ్చి, మా చేతుల్ని మాత్రమే వీడియో తీస్తూ ఒక్కొక్కటీ తీయమంది. తీశాక ఐదుకి ఎన్ని మార్కులో చెప్పాలి.

అన్నిటికీ ఐదే వేశాను. ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది. "అన్నీ బాగున్నాయా అక్కా?"

"భోంచేసి, ఫ్యాన్ కింద కూర్చుని, తొందరపెట్టేవాళ్లు లేకుండా తీస్తే అన్నీ బాగానే ఉంటాయమ్మా. రాత్రి కేసుకి రా" అన్నాను.

వస్తుందనుకోలేదు. పర్మిషన్లు తెచ్చుకుని నెల తర్వాత నిజంగానే వచ్చింది. ఆ రాత్రి రేణిగుంట రోడ్డు యాక్సిడెంటు, తొడ ఎముకకి రాడ్డు. ఎక్స్‌రే చూస్తూ చేసే కేసు కాబట్టి అందరి ఒంటి మీదా సీసం ఏప్రాన్లు, కిలోల బరువు. తెరమీద బొమ్మ కనపడాలని లైట్లు తగ్గించేస్తారు. వెండిరంగు రేకు మీద బూడిదరంగు అక్షరాలు నేను ఫోను టార్చితో చదవడం ఆ అమ్మాయి చూసింది. కుట్టుదారం రేకుని స్క్రబ్ సిస్టర్ తడి గ్లోవ్స్‌తో మూడుసార్లు పట్టి వదిలేయడం చూసింది. రెండు గంటలప్పుడు స్క్రూ ప్యాకెట్ ఒకటి మూల దొరక్క, నేను జేబులోంచి పాత ఆర్టరీ ఫోర్సెప్స్ (రక్తనాళాలు పట్టే పట్టకారు) తీసి మూలని పట్టి విప్పాను. అది నా సొంత ఉపాయం. ఆ ఇన్సర్ట్ పడిన ఏడాది నుంచీ జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఆ అమ్మాయి గభాలున రాసుకుంది.

"ఇది మీరు మాకు చెప్పనే లేదే అక్కా!"

చెప్పడానికి అదొక సమస్య అని నాకే తోచలేదు మరి. జారితే చేయి తప్పు, జారకుండా ఫోర్సెప్స్ పెట్టుకోవడం నా బాధ్యత అనుకుంటూ వచ్చాను.

తర్వాత ఏడాదికి ఫోన్లో ఒక ఫోటో పంపింది. మూతకి మూల కాదు, ఒక వైపంతా రెండు వేళ్ల వెడల్పు పట్టు, గరుకుగా. "ఇది మీ ఫోర్సెప్స్ అక్కా" అని రాసింది. ఆ కంపెనీ డబ్బాలు మా ఆసుపత్రికి రావు. మాకు వచ్చేవాటికి ఇంకా గోరంత మూలే. ఫోర్సెప్స్ నా జేబులోనే ఉంది.

మా అక్క రిటైరయ్యేటప్పుడు లడ్డూ కవర్ నాకిచ్చింది. చిరిగిపోతే ఇంకో లడ్డూ కవర్లోకి మార్చాను. కొత్తగా చేరిన పాపకి మూడు నెలలుగా అందులోవే ఇచ్చి విప్పిస్తున్నాను. పోయిన వారం తనకి మొదటి మోకాలి కేసు. నేను స్క్రబ్, తను ఫ్లోరు. డబ్బా మీదిది పైకి చదివింది: కుడి, సైజు, మందం, గడువు. గొంతు కొంచెం వణికింది. మూల పట్టుకుంది, జారింది. నేనేం మాట్లాడలేదు, చేతులు చాపి నిలబడ్డాను. తను ఆగి, గ్లోవ్స్ విప్పి, చేతులు తుడుచుకుని, కొత్తవి వేసుకుని మళ్లీ పట్టుకుంది. బొటనవేళ్లు బయటికి దొర్లాయి. మూత చప్పుడు లేకుండా వెనక్కి పోయింది. చిన్న ట్రేని నిటారుగా పైకి తీసుకున్నాను.

సార్ తలెత్తలేదు. చెయ్యి చాపి, "ఇన్సర్ట్" అన్నారు.